రోగం చూపిస్తేనే మందు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, కర్నూల్లో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో పిల్లలందరికీ తెలుసు, మా వీధికి నీళ్ళ ట్యాంకరు తోలే ఆయనకు మరీ బాగా తెలుసు. అలాంటి మనిషిని ఏరికోరి, లోకంలో అన్నిటికంటే ఓర్పు కావాల్సిన పనిలో కూచోబెట్టారు. విచిత్రమేమంటే ఆ పనంటే నాకు ప్రాణం. గురువారం వస్తోందంటే బుధవారం నుంచే నాకు కాలు నిలవదు.

పనేమిటో చెప్తాను. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల, ఎవరైనా విప్పి చూసి బాగుచేయగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దేశదేశాల వాళ్ళు కలిసి చేస్తారు. కొన్నాళ్ళకొకసారి అందులో ఒక విడుదల వస్తుంది, దాన్ని స్టేబుల్ అంటాం. స్టేబుల్ అంటే, ఇక దీన్ని కదిలించం, నమ్మి పెట్టుకోండి అని జనానికిచ్చిన మాట. బడుల్లో, ఆఫీసుల్లో, ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి దాన్నే వాడుకుంటారు. అయితే మనుషులు చేసినదాంట్లో తప్పులు లేకుండా ఎట్లుంటాయి? బయటపడినప్పుడు దిద్దాలి. దిద్దేటప్పుడు పక్కనున్నదేదీ కదలకూడదు. కాల్లో ముల్లు తీయమంటే ముల్లే తీయాలి గానీ, పనిలో పనిగా పారాణి కూడా పెట్టి పంపకూడదు. ఎవరో ఒకరు దిద్దుబాటు పంపుతారు. మా చిన్న జట్టు దాన్ని చదివి, ఇది ఒట్టి ముల్లేనా, పారాణి కూడా ఉందా అని చూసి, లోపలికి వదలడమో వెనక్కి పంపడమో చేస్తుంది. జట్టులో ఒక్కొక్కరికి వారంలో ఒక రోజు. నాది గురువారం.

జీతం గీతం ఏమీ లేదు. "లోకంలో కంప్యూటర్లకంతా నువ్వే పెత్తనం చేస్తాండావు, ఇంట్లో గ్యాసయిపోయింది మాత్రం నీకు తెలీదు" అంటుంది మా అమ్మ. నిజమే, తెలీదు. కానీ అమ్మా, నేను ఒక మీట నొక్కితే ఎక్కడెక్కడో ఉన్న యంత్రాల్లోకి ఆ మార్పు వెళ్తుంది, ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది అని చెప్తే, "ముందు సిలిండరు బుక్ చెయ్యి" అంటుంది.

మా పనిలో నియమాలు చాలా ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఒకటే, మొదట రోగం చూపించాలి. దిద్దుబాటు పంపేవాడు ముందుగా, ఇది తెరువు, ఇది నొక్కు, ఇదిగో ఇక్కడ చెడిపోతుంది అని రాయాలి. పరీక్ష చేసేవాళ్ళు ఆ వరసలోనే పాతదాని మీద చేసి, చెడిపోవడం కళ్ళారా చూడాలి. ఆ తర్వాత కొత్తది పెట్టి, అదే వరసలో చేసి, బాగవడం చూడాలి. ఊరికే "బాగుంది" అంటే చెల్లదు. జబ్బు లేనివాడికి మాత్ర ఇచ్చి, చూడు, ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో అంటే నవ్వరూ?

ఇక మా బావ సంగతి. మా అక్కను కడపకిచ్చారు. బావ అక్కడ హైస్కూల్లో సోషల్ టీచరు. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో ఆయనకు చూపు పోయింది. బ్రెయిలీలో దొరికినన్నీ చదివాడు, చదువులో ఎవరికీ తీసిపోలేదు. కానీ బ్రెయిలీలో లేనివే లోకంలో ఎక్కువ. పొద్దున పేపరు, బడికొచ్చే సర్క్యులర్లు, కొత్త పుస్తకాలు, పిల్లల జవాబులు, అన్నీ ఎవరో ఒకరు చదివి పెట్టాల్సిందే. పెళ్ళయ్యాక ఆ ఎవరో మా అక్క అయింది. అక్క గొంతు బాగుంటుంది, విసుక్కోదు. కాకపోతే తనకు నచ్చనివన్నీ ఎగరగొట్టేస్తుంది. రాజకీయాలు దాటేసి, పెళ్ళిలో పాము దూరిన వార్త రెండుసార్లు చదువుతుంది. బావకు తెలుసు, ఊరుకునేవాడు. ఇంకొకరి కళ్ళతో చదివేవాడు ఏమని పోట్లాడతాడు?

అందుకే ఆయన కంప్యూటర్లో మా సిస్టమ్ పెట్టి, తెర మీదున్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్ నేర్పించింది నేనే. అందులో తెలుగు చదివేది ఆడగొంతు. బావ దాన్ని "ఆయమ్మ" అనేవాడు, అక్క "నా సవతి" అనేది. బావ ఆ సవతిని ఎంత వేగంగా మాట్లాడిస్తాడంటే, మనకు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టే ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనకు మాత్రం అన్నీ అర్థమవుతాయి. కాఫీ చల్లారేలోగా పేపరు మొత్తం, రాజకీయాలతో సహా, తనకు తానే చదివేసుకునేవాడు. మా ఇంటి నుంచి లోకానికి జరిగిన మేలు ఏదైనా ఉందంటే అదేనని నాకు పెద్ద గర్వం.

ఆ గర్వం మీద ఎండాకాలం మొదట్లో దెబ్బ పడింది. ఏదో అప్‌డేట్ వచ్చింది. అది వచ్చినప్పటి నుంచి, తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో మాట తగిలితే చాలు, ఆయమ్మ నోరు పడిపోయేది. మళ్ళీ మొత్తం ఆపి మొదలుపెడితే తప్ప పలికేది కాదు. బడి సర్క్యులర్లలో వరుసకొక ఇంగ్లీషు మాట లేకుండా ఎక్కడుంటుంది?

అక్క ఫోన్ చేసింది. "నా సవతికి నోరు పడిపోయింది మే. మీ బావ మళ్ళీ నన్నే పిలుస్తాండాడు."

"నువ్వు చదువుతాండావు కదా ఇప్పుడు?"

"చదువుతాండా. కానీ పేపరు వద్దులే అంటాండాడు. నాకు పని ఎక్కువైతాదంట. పొద్దున లేసి ఊరికే కూచోనుంటాడు మే, చూడలేకుండా ఉండా."

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. బావ ఫోన్ తీసుకుని, "ఏం మరదలా, మీవోళ్ళు మా ఆయమ్మను మూగదాన్ని చేసినారే" అని నవ్వాడు. ఆయన నవ్వినందుకు నాకు ఇంకా బాధేసింది. తిట్టినా బాగుండేది.

నేను వెంటనే ఈ సంగతి ఆ ప్రోగ్రామ్ చేసేవాళ్ళకు రాశాను. అదృష్టం, వాళ్ళు తమ కొత్త వెర్షన్లో అప్పటికే దీన్ని దిద్దేశారు. ఇక అది మా స్టేబుల్‌కు రావడమే మిగిలింది. ఏ దేశంవాడో ఒక పుణ్యాత్ముడు దాన్ని మేము చూడాల్సినవాటి వరుసలోకి పంపాడు. అదీ సరిగ్గా నా గురువారం నాడు! కాలేజీ నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచి ఆ పేరు చూసి కుర్చీలోంచి లేచి ఒక గంతు వేశాను. అమ్మ వంటింట్లోంచి, "ఏమైంది, బల్లి పడిందా?" అంది.

తెరిచి చదవడం మొదలుపెట్టాను. పుణ్యాత్ముడు ముల్లు తీశాడు, నిజమే. దాంతో పాటు పారాణి పెట్టాడు, గాజులు వేశాడు, జడలో పూలు కూడా పెట్టాడు. కొత్త వెర్షన్ మొత్తాన్ని తెచ్చి పెట్టాడు. కొత్త గొంతులు, కొత్త సెట్టింగులు, ఉన్న సెట్టింగుల వరస మార్పు, వేగం లెక్క మార్పు.

నా వేలు మీట మీదే ఉంది. నొక్కితే బావకు నోరొస్తుంది. కానీ అక్కావాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కుర్చీ జానెడు జరిపినా అక్క ఊరుకోదు, ఆయన అడుగులు లెక్కతప్పుతాయి. సెట్టింగుల వరస మార్చడమంటే చూపులేని వాళ్ళ ఇంట్లో, వాళ్ళు నిద్రపోతున్నప్పుడు మంచాలూ బీరువాలూ జరపడమే. బావ ఒక్కడికి నేనున్నాను, ఫోన్లో చెప్తాను. మిగతావాళ్ళకు ఎవరు చెప్తారు? "దిద్దుబాటు మాత్రమే పంపండి" అని రాసి తిప్పి పంపేశాను. ఆ పుణ్యాత్ముణ్ణి మనసులో కర్నూలు భాషలో తిట్టుకున్నాను కూడా.

అక్కకు చెప్పేసరికి నిప్పులు చెరిగింది. "నీ చేతిలో ఉండి కూడా వదల్లేదా? మనోళ్ళకు కాకుంటే ఇంకెవురికి చేస్తావు నువ్వు?"

మన వైపు ఇదొక నమ్మకం. ఆఫీసులో మనవాడొకడుంటే ఫైలు దానంతటదే నడుస్తుంది, లేకుంటే దేవుడు దిగొచ్చినా కదలదు. చెల్లెలు కాపలా ఉన్న గేటు దగ్గర కూడా చుట్టానికి ప్రవేశం లేదంటే అక్క బుర్రకు ఎట్లా ఎక్కుతుంది? ఫోన్ పెట్టేసింది. వారం రోజులు మాట్లాడలేదు.

పుణ్యాత్ముడు కూడా, తనకు తీరిక లేదని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. ఇక నేనే నడుం బిగించాను. ఆదివారం పొద్దున ఉగ్గాని ప్లేటు పక్కన పెట్టుకుని, ఆ పెద్ద మార్పులోంచి అసలు ముల్లు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. ఆ పనిలో ఉన్న సరదా మాటల్లో చెప్పలేను! ఇది కొత్త గొంతుల కోసం, తీసెయ్. ఇది సెట్టింగుల కిటికీ కోసం, తీసెయ్. తీస్తూ తీస్తూ పోతే చివరికి అరచేతిలో పట్టేంత మిగిలింది. ఇంగ్లీషు మాట దగ్గర గొంతు మార్చేటప్పుడు ప్రోగ్రామ్ ఒక తాళం వేసి, మళ్ళీ తీయడం మరిచిపోయేది, అంతే రోగం. ఉగ్గాని చల్లారి గట్టిపడిపోయింది. అయినా అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

నేను చేసినదాన్ని నేనే వదలకూడదు. అది నియమం, మంచి నియమం. మా జట్టులో సోమవారం చూసే పెద్దావిడ ఒకరున్నారు. ఎక్కడో చలిదేశం. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు, మాటలు రాతలోనే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చదువుతుంది. నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు చదివి, నా దిద్దుబాటును పరీక్ష కోసం వేచి ఉండే చోటికి వదిలింది. కావాల్సినవాళ్ళు అక్కడి నుంచి తీసుకుని పరీక్షించి బాగుందో లేదో రాయాలి. తగినన్ని మంచి మాటలు వచ్చాక, కొన్నాళ్ళు ఆగి, అందరికీ విడుదల చేస్తారు.

మంచి మాటలేనా? దానికి మావాళ్ళు లేరా? కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరుల్లో మా సిస్టమ్ వాడే లెక్చరర్లు, నా పాత విద్యార్థులు ఉన్న గ్రూపులో ఒక సందేశం పెట్టాను. అంతే, వానాకాలం ఉసిళ్ళు లేచినట్టు లేచారు. మధ్యాహ్నం అన్నం వేళకు వరసపెట్టి మంచి మాటలు. "అదిరింది మేడమ్." "పక్కాగా పనిచేస్తాంది." "మా మేడమ్ చేసినాక తిరుగుంటాదా?" నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఒక్కొక్కటీ అమ్మకు చదివి వినిపించాను. రేపో మాపో బావకు నోరొస్తుందని అక్కకు మెసేజ్ కూడా పెట్టాను.

సాయంత్రం పెద్దావిడ దగ్గర నుంచి ఒక్క వాక్యం వచ్చింది. "మీ ప్రాంతం వాళ్ళ ఉత్సాహానికి సంతోషం, వీళ్ళలో రోగాన్ని చూసినవాళ్ళు ఎవరు?"

భగ్గుమన్నాను. మావాళ్ళను అంటావా అని జవాబు కూడా సగం టైపు చేశాను. పంపేముందు, ఎందుకైనా మంచిదని, ప్రొద్దుటూరులో ఒక లెక్చరరుకు ఫోన్ చేశాను. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను.

"అన్నా, పాతదాంట్లో గొంతు ఆగిపోవడం చూసినావా?"

"యాడ ఆగిపోయేది మా?"

"చదివి వినిపించే ప్రోగ్రామ్ పెట్టినావా లేదా?"

"అదేం ప్రోగ్రామ్? కంప్యూటరు ఆన్ అయ్యింది, బాగనే ఉండాది. నువ్వు చేసినావంటివి, బాగుందని రాస్తి. ఇంటికి పిల్చి అన్నం పెడితే ఉప్పు తక్కువైందని ఎవురన్నా అంటారా మా?"

ఒక అరగంట కోపంగా ఉన్నాను. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఇంకెవరిని అడగబోయినా ఇదే జవాబని తెలిసిపోయింది. ప్రేమతో రాశారు అందరూ. మనది మొహమాటం గడ్డ. పెళ్ళిలో ఓళిగ గట్టిపడి పంటికి తగిలినా, "ఏం కుదిరిందమ్మా" అని మెచ్చుకుని ఇంకోటి వేయించుకునే జాతి మనది. మంచి జబ్బే, కానీ ఈ పనికి పనికిరాదు. వచ్చిన మంచి మాటలేవీ లెక్కలోకి తీసుకోవద్దని నేనే బహిరంగంగా రాశాను. కొందరు నొచ్చుకున్నారు. ప్రొద్దుటూరు అన్న, "పిలిచి అన్నం పెట్టి, మెచ్చుకుంటే కొడతాండావేం మా" అని గ్రూపులో రాశాడు.

ఇక మిగిలింది నిజమైన రోగి ఒక్కడే. శనివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని కడప బస్సెక్కాను. ఇంకా విడుదల కానిదాన్ని బావ సొంత కంప్యూటర్లో పెట్టడం నాకిష్టం లేదు, బడి కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. నంద్యాల దాటింది, ఆళ్ళగడ్డ దాటింది, కిటికీలోంచి వడగాలి చెంపలు వాయిస్తోంది, నాకేమీ పట్టలేదు. పరీక్ష రాయబోయే పిల్లలా ఉన్నాను.

ఒంటిపూట బడి కాబట్టి బావ మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. అక్క మాట్లాడకుండానే సంగటీ ఊరిబిండీ వడ్డించింది. తిని లాప్‌టాప్ ముందు కూచున్నాం. నేను ఆత్రంగా కొత్తది పెట్టబోతే బావ ఆపాడు.

"మొదట పాతది పెట్టు. రోగం చూడల్ల గదా."

పెట్టాను. బడి సర్క్యులర్ తెరిచాడు. ఆయమ్మ చదువుతూ చదువుతూ, మొదటి ఇంగ్లీషు మాట దగ్గర టక్కున ఆగిపోయింది. ఇంకోటి తెరిచాడు, ఆగిపోయింది. "సరే, చూసినాను. ఇప్పుడు నీ మందు పెట్టు" అన్నాడు.

పెట్టాను. అదే సర్క్యులర్, అదే వాక్యం. ఇంగ్లీషు మాట వచ్చింది, పలికింది, దాటింది, తెలుగులోకి తిరిగొచ్చింది, గలగలా పోతూనే ఉంది! నేను అరిచిన అరుపుకు అక్క గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "మాట్లాడతాండాది మే, నా సవతి మాట్లాడతాండాది!" అని వారం రోజుల అలకా మరిచిపోయి నన్ను వాటేసుకుంది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఎగిరాం.

బావ చెయ్యెత్తాడు. "ఉండండి."

వేగం పెంచాడు. తన మామూలు వేగానికి తెచ్చాడు. తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడోసారి కూడా. నాకు ఒట్టి చిటపటలే వినిపిస్తున్నాయి.

"ఒక మాట పోతాండాది" అన్నాడు.

"యాడ బావా?"

"ఇంగ్లీషు మాట అయిపోయినాక, దాని ఎనకనే వచ్చే తెలుగు మాట. మింగేస్తాండాది."

వేగం తగ్గించి వింటే మాట ఉంది. ఆయన వేగంలో పెడితే లేదు.

"బాగలేదని రాయల్ల" అన్నాడు బావ.

అక్క గరిటె బల్ల మీద కొట్టింది. "నీకు కావాల్సింది నోరు. వచ్చింది. ఒక్క మాట పోతే ఏమయ్యా? బాగుందని రాసేయరాదా? లేకుంటే మళ్ళీ ఎన్ని దినాలు పడతాదో!"

దాచడమెందుకు, నేను అక్క వైపే ఉన్నాను. "బావా, ముందుకంటే ఇది మేలే కదా. దీన్ని వదిలేసి, ఆ ఒక్క మాట సంగతి తర్వాత చూద్దాం."

ఆయన కోప్పడలేదు. క్లాసులో చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "ఆ పోయిన మాట 'లేదు' అనుకో. 'కాదు' అనుకో. హాలిడే లేదంటే హాలిడే అని చదువుకుంటా నేను. నోరు పడిపోతే, పడిపోయిందని తెలుస్తాది, ఇంగొకరిని పిల్చుకుంటాం. మాట మింగితే ఎవురికి తెలుస్తాది? మీకు తెర ఉండాది, చూసుకుంటారు. మాకు ఆయమ్మ చెప్పిందే మాట. నామాదిరోడు ఇంగా యాడెవుడు ఉండాడో, వానికి ఈ మాట పోయిందని ఎవురు చెప్తారు?"

ఇన్నేళ్ళుగా నేను ఎవరి కోసం ఆ మీట దగ్గర కూచుంటున్నానో, ఆ మనిషి నా ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టనిపించింది. ఆ రిపోర్టు బావే టైపు చేశాడు. పాతదాంట్లో ఏమైంది, కొత్తదాంట్లో ఏమైంది, ఏ వేగం దగ్గర నుంచి మాట పోతోంది, అన్నీ రాసి, చివర "బాగలేదు" అని గుర్తు పెట్టాడు. ఊరంతా మెచ్చుకున్న నా దిద్దుబాటు మీద నిలబడ్డ ఒకే ఒక్క మాట అది. పనయ్యేది కాదని తెలిసి అక్క వంటింట్లో గిన్నెలు దడదడలాడించింది.

నాకు మాత్రం, చెప్తే నమ్మరు, ఆ దిగులు కాసేపే. తర్వాత ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇంత స్పష్టంగా పట్టిచ్చాక దొరక్కుండా ఎక్కడికి పోతుంది? మరునాడు పొద్దున అక్క కారం దోశలు పోస్తుంటే, ఆ పెద్ద మార్పునూ నా చిన్న మార్పునూ పక్కపక్కన పెట్టి చూశాను. వేగం లెక్కకు సంబంధించిందని నేను తీసేసిన కోడు వరసల్లో ఒకటి, నిజానికి ఈ రోగానిదే. గొంతు మారాక తెలుగు గొంతు సిద్ధమయ్యేదాకా ఆగమని చెప్పే వరస. పారాణి అనుకుని కాలి గోరు కత్తిరించేశానన్నమాట. అది తిరిగి పెట్టి, బావ వేగంలో వినిపించాను. బావ దోశ ముక్క చేతిలో పట్టుకుని విని, "ఇప్పుడు బాగుండాది. కానీ ఇప్పుడే రాయను. మీ పెద్దమ్మ చూసి వదలనీ, అప్పుడు వరస ప్రకారం చూసి రాస్తా" అన్నాడు.

సోమవారం పెద్దావిడ చదివి వదిలింది. దాని కింద ఒక మాట అడిగింది, "ఈ పరీక్ష చేసినాయన ఎవరు? ఇలాంటి పరీక్ష చూసి చాలా కాలమైంది." ఆ వాక్యం బావకు ఫోన్లో రెండుసార్లు చదివి వినిపించాను. "మా అక్క మొగుడు అని రాయి" అన్నాడాయన. అట్లాగే రాశాను.

మళ్ళీ శనివారం కడప. మళ్ళీ మొదట రోగం, తర్వాత మందు. ఈసారి బావ "బాగుంది" అని రాశాడు. ఇంకో దేశంలో, ఇంకో భాషలో చదువుకునే చూపులేని ఆయనొకరు కూడా రోగం చూసి, మందు చూసి, బాగుందని రాశారు. ఆ రెండు మాటలు నాకు వచ్చిన అన్ని "అదిరింది మేడమ్"ల కంటే బరువుగా ఉన్నాయి.

ఆగాల్సిన గడువు శుక్రవారానికి తీరింది. అక్క పొద్దున్నే ఫోన్. "ఇంగ ఈ పొద్దు ఇడిసేస్తారు గదా?"

"శుక్రవారం ఇవ్వరు అక్కా" అన్నాను, ఇంకో గొడవకు సిద్ధపడి. శనాదివారాల్లో మనుషులుండరు, ఏదైనా తేడా వస్తే చూసేవాళ్ళుండరు, అందుకే మాలో శుక్రవారం విడుదల లేదు. అదంతా చెప్పబోతే అక్క అడ్డుకుంది.

"ఓ, శుక్రవారమా. శుక్రవారం పూట ఎవురిస్తారు మే, ఇంట్లో లచ్చిమి పోతాది. సోమారమే ఇయ్యమను" అని ఫోన్ పెట్టేసింది. నేను చెప్పిన నియమాల్లో ఆమె ఎదురు మాట్లాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

సోమవారానికి కాలేజీలో సెలవు పెట్టి, ఆదివారమే కడపలో దిగాను. ఆ క్షణం నేను చూడాలి! ఇన్నాళ్ళూ మీట నొక్కి పంపడమే గానీ, అది ఎవరింట్లో ఎట్లా దిగుతుందో చూసింది ఏనాడూ లేదు. సోమవారం మధ్యాహ్నం బావ బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చదువుకునే గదిలో తన కంప్యూటర్ ముందు కూచున్నాడు. కాసేపటికి అప్‌డేట్ వచ్చిందన్న చిన్న గంట మోగింది. నేను చెయ్యి వేయబోతే తోసేసి, తానే పెట్టుకున్నాడు. పేపరు తెరిచాడు. మొదటి వార్తలోనే ఇంగ్లీషు మాట. పలికింది, దాటింది, తర్వాతి తెలుగు మాట ఎక్కడా పోలేదు. తన వేగానికి పెంచాడు. ముఖం వెలిగిపోయింది ఆయనకు. నేను ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాను. అక్క మజ్జిగ గ్లాసుతో వచ్చి నా పక్కనే నిలబడింది. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్నవాళ్ళు కడప జిల్లాలో ఇంకొకరుండరు.

బావ చదవడం ఆపి, తల మా వైపు తిప్పాడు.

"ఏం, ఇద్దరూ నా నెత్తిన నిలబడినారు? పోండి ఆపక్కకు. నేను చదువుకోవల్ల."

"ఒక్క పేజీ బావా, ఒక్క పేజీ విని పోతా."

"నీకు కండ్లుండాయి గదా. పోయి నీది నువ్వు చదువుకో పో."

నవ్వుతూనే అన్నాడు, కానీ లేచి, మమ్మల్ని గడప దాటించి, తలుపు వేసేసుకున్నాడు. లోపల గడియ కూడా పెట్టాడు. నాకు చర్రున కోపమొచ్చింది. సెలవు పెట్టి, వడగాలికి ఎండి, ఇంత దూరం వస్తే తలుపేస్తాడా! ఏదో అనబోయి అక్క వైపు తిరిగాను.

అక్క గడప పక్కన గోడకానుకుని కూలబడింది. ఒక చేత్తో కొంగు కళ్ళకద్దుకుంటోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

"పెండ్లయినకాడ్నుంచి చదువు చదువు అని పిల్చడమే మే," అంది. "పొమ్మనింది ఇదే మొదలు."

నేను కూడా ఆమె పక్కన కూచున్నాను. మజ్జిగ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరం చెరి సగం తాగేశాం.